తెరువరాని నోరు: దవడకీలు చికిత్స నడచిన త్రోవ

చెవిరంధ్రమునకు సరిగా ముందు భాగమున వ్రేలు మోపి, నోరు మెల్లగా తెరచి మూసినచో, చర్మము క్రింద ఒక గుండ్రని ఎముక ముందునకు జారి మరల వెనుకకు వచ్చుట తెలియును. అదియే క్రిందిదవడ శిరస్సు. మాటలాడునపుడు, నమలునపుడు, ఆవులించునపుడు, తుదకు గుటక వేయునపుడు కూడ ఆ శిరస్సు కదలుచునే యుండును. దేహమందలి కీళ్ళలో దీనంత విరామము లేనిది మరియొకటి అరుదు. పైగా దీనికొక విచిత్రమైన ఇబ్బంది కలదు. కుడిచేతి మోచేయి బిగిసినను ఎడమచేయి తన పని తాను చేసికొనును. దవడకు ఆ వెసులుబాటు లేదు. రెండు కీళ్ళకును ఎముక ఒక్కటే. ఒకే కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి కూలబడినచో రెండవది ఎంత బలమైనదైనను నాగలి సాగదు కదా! దవడ సంగతియు అంతే.

ఈ కీలు బిగిసి, శిరస్సు పుర్రె ఎముకతో అతుకుకొని ఏకమైపోవుట ఒక వ్యాధి. పెద్దవారి నోరు సామాన్యముగా మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టునంత, అనగా 35 మొదలు 50 మిల్లీమీటర్ల వరకు తెరచుకొనును. ఈ రోగులకు ఒక వ్రేలు పట్టుట కూడ గగనము. కొందరికి పండ్ల నడుమ కాగితము దూరును, అంతే. అట్టి పిల్లలు అన్నమును పలుచగా కలిపి పండ్లసందులలోనుండి పీల్చుకొందురు. లేదా చివరి దంతము వెనుకనున్న చిన్న సందులోనికి వ్రేలితో నెట్టుకొందురు. ఆవకాయ ముద్ద వారి కంటికే గాని నోటికి అందదు. పండ్లు తోముకొనుటకు వీలులేక అవి పుచ్చిపోవును. పుచ్చిన పన్ను తీయవలెనన్నను నోరు తెరువరాదు. ధనుర్వాతమునందును నోరు కరచుకొనిపోవును గాని అది కండరముల బిగింపు. వక్క, గుట్కా నమలువారి నోరు క్రమముగా చిన్నదగుట బుగ్గల లోపలి పొర గట్టిపడుట వలన. వాటితో దీనిని కలిపి చూడరాదు. ఇక్కడ బిగిసినది ఎముకయే.

నోరు తెరువకపోవుట సగము కష్టము. మిగిలిన సగము ముఖమునందు కనబడును. పసిపిల్లల దవడ పెరుగుదలకు ఆ శిరస్సుమీది మృదులాస్థి ముఖ్యమైన ఆధారము. కీలు చిన్నతనముననే చెడినచో ఆ ప్రక్క దవడ పెరుగదు. రెండవ ప్రక్క మాత్రము పెరుగుచునే యుండును. గడ్డము మెల్లమెల్లగా జబ్బు ప్రక్కకు ఒరిగిపోవును. రెండు ప్రక్కలును చెడినచో గడ్డము వెనుకకు పోయి, ముఖమునకు పక్షిముఖమువంటి రూపు వచ్చును. ఇందులో తల్లిదండ్రులను తరచు మోసగించు విషయమొకటి గలదు. జబ్బు ప్రక్క ఎముక పొట్టిదగుట వలన అక్కడి బుగ్గ నిండుగా, గుండ్రముగా కనబడును. ఆరోగ్యముగానున్న ప్రక్క సాగి, చదునుగా, పీక్కుపోయినట్లుండును. అందుచేత అమ్మాయి ఎడమబుగ్గ చిక్కిపోయినదని చూపించుటకు తీసికొనివత్తురు. వైద్యుడు పరీక్షించునది కుడికీలు! ఆడపిల్ల అయినచో ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న భోజనమును గూర్చి గాక పెండ్లిని గూర్చియై యుండుట మన సంఘము తీరు. దానిని మేము నిందింపబోము గాని, నోరు తెరువలేని బిడ్డకు ముందు కావలసినది అన్నము, ఆ పిమ్మట ఊపిరి. గడ్డము వెనుకకు పోయినపుడు నాలుకయు వెనుకకు పోయి, నిద్రలో గాలిదారికి అడ్డుపడును. గురకపెట్టుచు, ఉలికిపడి లేచుచు, పగలు తూగుచుండు పిల్లలు వీరిలో ఉందురు.

దీనికి ముఖ్యకారణములు మూడు. మొదటిది దెబ్బ. గడ్డము మీద పడిన దెబ్బ గడ్డము దగ్గరనే ఆగదు. అది ఎముక వెంట పరుగెత్తి రెండు చెవుల ముందరనున్న శిరస్సులను తాకును. పసివారి దవడశిరస్సు మెత్తనిది, రక్తము నిండినది. అది చితికి, కీలులో రక్తము చేరి, ఆ రక్తము గట్టిపడి క్రమముగా ఎముకగా మారును. గోదావరి మండలముల ఇండ్లలో ఎత్తయిన అరుగులు, కాలువ రేవుల మెట్లు, దొడ్లలో జామచెట్లు ఉన్నవి. పిల్లలు పడుదురు. గడ్డము క్రింద చర్మము చిట్లును. పసుపు అద్దుదురు, లేదా రెండు కుట్లు వేయింతురు. గాయము మానును. నోరు మూతపడుట మాత్రము కొన్ని నెలలకో ఏండ్లకో తెలియును. అప్పటికి ఆ పడిన సంగతి ఎవరికిని గుర్తుండదు. రెండవ కారణము చెవిలో చీము. చెవికిని ఈ కీలునకును నడుమనున్నది పలుచని గోడ. పూర్వము చెవిచీము ఆ గోడను దాటి కీలును తినివేయుచుండెడిది. మూడవది పిల్లలకు వచ్చు కీళ్ళవాతము.

మన ప్రాచీనులు దవడను గూర్చి ఎరుగనివారు కారు. స్థానము తప్పిన దవడకీలును కాపడము పెట్టి యథాస్థానమునకు చేర్చి, పంచాంగీబంధమను కట్టు కట్టవలెనని సుశ్రుతసంహిత చికిత్సాస్థానము చెప్పుచున్నది. వాగ్భటుని అష్టాంగహృదయము హనుస్రంసమను వాతరోగమును వర్ణించుచు, నోరు తెరచినది తెరచినట్లో మూసినది మూసినట్లో ఉండిపోవుననియు, నాలుకను అతిగా గీచుట, ఎండు పదార్థములు నమలుట, దెబ్బ తగులుట ఇందులకు హేతువులనియు పేర్కొనెను. దెబ్బను ఆనాడే గుర్తించుట గమనింపదగినది. కాని అతుకుకొనిపోయిన ఎముకను కోసి విడదీయుట ఆ గ్రంథముల పరిధిలోనిది కాదు. మత్తు లేక, గాలిదారికి భద్రత లేక, అది మరి ఎవరి చేతను కాకపోయెను.

ఆ పని పంతొమ్మిదవ శతాబ్ది నడుమ ఆరంభమైనది. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో హంఫ్రీ అను శస్త్రవైద్యుడు వ్యాధిగ్రస్తమైన దవడశిరస్సును కోసి తీసివేసినట్లు 1856లో ప్రకటించెను. జర్మనీలో ఎస్మార్కును, ఇటలీలోని బొలోన్యాలో రిజ్జోలియు మరియొక ఉపాయము పన్నిరి: బిగిసిన కీలు జోలికి పోక, దానికి ముందుగా దవడ ఎముకనే ఖండించి అక్కడ ఒక కొత్త కీలు ఏర్పడునట్లు చేయుట. పారిస్ వైద్యుడు వెర్నూయి, 1860 ప్రాంతమున, కోసిన ఎముకల నడుమ ఏదైన మెత్తని పదార్థమును ఇమిడ్చినగాని అవి మరల కలియక మానవని గ్రహించి, కణతకండరపు పొరను అందులకు సూచించెను. షికాగోకు చెందిన మర్ఫీ 1914లో తన ప్రకటనతో ఆ పద్ధతికి విస్తృతప్రచారము కల్పించెను. నేటికిని మన శస్త్రవైద్యులు ఎక్కువగా వాడుచున్నది ఆ కణతపొరనే. శస్త్రచికిత్స సూత్రములు మొదటి అరువది ఏండ్లలోనే దాదాపు తెలిసిపోయినవి. మరి ఇంకేమి అడ్డుపడినది?

అడ్డుపడినది ఊపిరి. క్లోరోఫారము ఇచ్చిన రోగికి నాలుక వెనుకకు జారినను, వాంతి గొంతున అడ్డుపడినను, నోరు తెరచి వ్రేలుపెట్టి సరిచేయుదురు. నోరు తెరువనివానికి ఏమి చేయుట? ఈ చికిత్స చరిత్రలో నిజమైన నాయకుడు కత్తి పట్టినవాడు కాడు, మత్తు ఇచ్చినవాడేనని మా అభిప్రాయము.

మత్తు కథలో తెలుగుదేశమునకు పెద్ద పాలే కలదు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ, క్లోరోఫారము వలన ముందుగా ఆగునది గుండె కాదు, ఊపిరి అని దృఢముగా నమ్మినవాడు. నాడిని గాక శ్వాసను కనిపెట్టి చూచుచున్నంతకాలము ప్రమాదము లేదని ఆయన శిష్యులకు బోధించెను. దీనిని తేల్చుటకు 1888లోను, మరల 1889లోను హైదరాబాదు క్లోరోఫారము కమిషనులు కూర్చొనెను. రెండవదానికి నిజాము ప్రభువు ధనసహాయము చేయగా లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. జంతువులపై అసంఖ్యాకముగా ప్రయోగములు జరిగినవి. తీర్పు లారీ పక్షముననే వచ్చినది. అయినను 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, స్వల్పమైన క్లోరోఫారము మత్తులో సయితము గుండె లయతప్పి హఠాత్తుగా నిలిచిపోగలదని నిరూపించెను. లారీ సిద్ధాంతము ఓడిపోయినది. కాని ఊపిరిమీద కన్ను వేసి యుండవలెనన్న ఆయన పాఠము ఓడిపోలేదు. దవడ బిగిసిన రోగి విషయమున దానికి మించిన పాఠము లేదు. లారీ వద్ద చదివిన వైద్యులలో రూపాబాయి ఫర్దూన్జీ యను మహిళ మత్తు నిపుణురాలిగా ప్రసిద్ధికెక్కినది.

మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండులోని సిడ్‌కప్ ఆస్పత్రిలో హెరాల్డు గిలీస్ ముఖములు చితికిన సైనికులకు కొత్త ముఖములు నిర్మించుచుండెను. ముఖముమీద కత్తి ఆడుచుండగా అదే ముఖమున మత్తు ముసుగు ఎట్లు ఉంచుట? ఆయనతో పనిచేసిన మెగిల్, రోబోథమ్ అను వైద్యులు ముక్కులోనుండి రబ్బరుగొట్టమును కన్నులతో చూడకయే, శ్వాసధ్వనిని ఆధారము చేసికొని గాలిగొట్టములోనికి పంపు నేర్పును అలవరచిరి. దవడ బిగిసినవానికి ఇది వరప్రసాదమైనది. గిలీస్ 1920లో ప్రక్కటెముక తునకను దాని కొన మృదులాస్థితో సహా తెచ్చి దవడశిరస్సునకు బదులుగా అమర్చుటను వర్ణించెను. పెరుగు పిల్లలలో ఆ తునక తానును పెరుగగలదను ఆశ దాని వెంట వచ్చినది. ఆ ఆశ కొందరియందు ఫలించినది; కొందరియందు అది మితిమీరి పెరిగి గడ్డమును రెండవ ప్రక్కకు నెట్టినది!

1963లో వాటర్స్ అను వైద్యుడు నైజీరియాలో మరియొక దారి చూపెను. అక్కడి పిల్లలకు నోటికుళ్ళు రోగమువలన దవడలు అతుకుకొనిపోవుచుండెను. ఆయన మెడవద్దనుండి గాలిగొట్టములోనికి సూది గుచ్చి, సన్నని గొట్టమును పైకి పంపి, దానిని ముక్కుద్వారా వెలికి తీసి, దాని మీదుగా శ్వాసగొట్టమును క్రిందికి జార్చెను. బావిలో జారిన బొక్కెనను త్రాటి వెంట పోయి పట్టుకొన్నట్లన్నమాట. 1967లో పీటర్ మర్ఫీ అను మత్తువైద్యుడు, కీళ్ళవాతముచే నోరు బిగిసిన రోగి గొంతులోనికి, పిత్తనాళములను చూచుటకు ఉద్దేశింపబడిన వంగెడి గాజునూలు దర్శినిని పంపి, కన్నులార చూచుచు గొట్టము వేసెను. నేడు పెద్ద ఆస్పత్రులలో రోగిని మేలుకొనియుంచియే, గొంతును మొద్దుబరచి, ఈ విధముగనే గొట్టము వేయుచున్నారు.

దక్షిణాదిలో ఈ వ్యాధిని క్రమబద్ధముగా పరిశీలించినవారిలో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పనిచేసిన రిచర్డు టోపాజియన్‌ను చెప్పుకొనవలెను. ఆయన 1964లో 44 రోగుల వృత్తాంతమును పరిశీలించి వ్యాధికారణములను ప్రకటించెను. 1966లో ఎముక కోసి ఖాళీ విడిచిన పద్ధతిని, ఆ ఖాళీలో పొర ఇమిడ్చిన పద్ధతిని పోల్చి చూపెను. ఖాళీ విడిచిన కీళ్ళు మరల అతుకుకొనుట ఎక్కువ. వందేండ్ల క్రిందట వెర్నూయి అనుమానించినది రోగుల లెక్కలతో తేలినది. చండీగఢ్‌కు చెందిన సాహ్నీ 1986లో ఈ బిగింపును నాలుగు తరగతులుగా విభజించెను. ఆ విభాగము ప్రపంచమంతట పాఠ్యగ్రంథములలోనికి ఎక్కినది.

ఆ కాలములలో గోదావరి మండలపు రోగి ఎక్కడకు పోయెడివాడు? ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట డెల్టాయంతయు కాలువలమయమైనది, ప్రయాణములు పడవలమీదనే. రాజమహేంద్రవరమునొద్ద గోదావరిమీద రైలువంతెన 1900లో తెరువబడుటతో గాని చెన్నపట్టణపు దారి సుగమము కాలేదు. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వచ్చినది. రాజమహేంద్రవరమున డాక్టరు లిడియా వోర్నర్ మున్నగువారు లూథరన్ మిషను పక్షమున నడిపిన వైద్యశాలయు, పిఠాపురపు మిషను ఆస్పత్రియు ప్రసవములకు, పుండ్లకు, జ్వరములకు ఎందరికో దిక్కైనవి. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల 1958లో వెలసినది. దవడకీలు మాత్రము ఆ తరువాతను చాలకాలము దూరప్రయాణముల వ్యవహారముగనే మిగిలినది.

అయినను ఈ చరిత్రలో ఈ గడ్డకు చెందిన ఒక మహానుభావుడు కలడు. ఆయన ఏనాడును దవడను కోయలేదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికా చేరెను. లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు ఆయన నాయకుడుగా నుండగా, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ నేలలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును వెలికితీసెను. 1948లో అది లోకమునకు తెలిసినది. టెట్రాసైక్లిన్ వంశమునకు అదియే ఆదిపురుషుడు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను. పెన్సిలిన్, ఈ మందులు వాడుకలోనికి వచ్చిన పిదప చెవిచీము కీలువరకు ప్రాకుట చాల తగ్గినది. ఒకప్పుడు కారణముల పట్టికలో దెబ్బతో పోటీపడిన చెవిరోగము నేడు చాల వెనుకబడినది.

అంతటితో కాలేదు. రక్తపు కేన్సరుకొఱకు సుబ్బారావు బృందము తయారుచేసిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులలో రెండవది, దశాబ్దముల పిమ్మట, కీళ్ళవాతమునకు ముఖ్యౌషధమైనది. పిల్లల కీళ్ళవాతమునందు అది పనిచేయునని 1992లో ప్రకటింపబడిన పరీక్షలు స్థిరపరచినవి. ఆ వాతము దవడకీలును సద్దుచేయక తినివేయును. నొప్పి లేకయే గడ్డము చిన్నదైపోయిన పిల్లలు గలరు. మందు సకాలమున పడినచో ఆ కీలు దక్కును. ముగ్గురు శత్రువులలో ఇద్దరికి ముకుతాడు వేసిన మందులలో రెండు భీమవరపు బిడ్డ నడిపిన పరిశోధనశాలనుండియే వచ్చినవి. ఈ సంగతి ఆయనను గూర్చిన వ్యాసములలో మాకు ఎక్కువగా కనబడలేదు. కేన్సరు, ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు చెప్పి ఆపుదురు. మిగిలినది మూడవ శత్రువు, అనగా దెబ్బ. దానికి మందు లేదు.

కాబట్టి కత్తి తప్పదు. నేటి పద్ధతికి రూపురేఖలు దిద్దినది అమెరికాలో కాబన్ ప్రభృతులు 1990లో ప్రకటించిన క్రమము. చెవి ముందు, వెండ్రుకలలో మరుగుపడునట్లు గాటుపెట్టి, అతికిన ఎముకను విశాలముగా తొలగింతురు. అక్కడ నుదుటిని ముడుచుటకు, కన్ను మూయుటకు పనిచేయు ముఖనాడి కొమ్మలు ప్రాకుచుండును. లోపలిప్రక్క పెద్ద రక్తనాళము పొంచియుండును. పిమ్మట కణతకండరము పట్టుకొను దవడకొమ్మును ఆ ప్రక్కను, అవసరమైనచో రెండవ ప్రక్కను కూడ కోయుదురు. బల్లమీద ఉండగనే నోరు 35 మిల్లీమీటర్లు తెరచుకొనినగాని వైద్యుడు తృప్తిపడడు. కణతపొరను కీలులో పరచి, కావలసినచో ప్రక్కటెముకతో శిరస్సును నిర్మింతురు.

వంకరపోయిన ముఖము సంగతి వేరు. రష్యాలో ఇలిజారోవ్ 1951 మొదలు విరిగిన కాళ్ళను సాగదీయు విద్యను అభ్యసించెను: ఎముకను కోసి, మరలతో రోజునకు మిల్లీమీటరు చొప్పున ఎడము చేయుచు పోయినచో ఆ ఎడములో కొత్త ఎముక పుట్టును. న్యూయార్కు వైద్యుడు మెకార్తీ 1992లో దీనిని పిల్లల దవడకు అన్వయించెను. పొట్టి ప్రక్క దవడ ఈ విధముగా పెరిగినపుడు పైనున్న చర్మము, కండరములు కూడ దానితోపాటు సాగును. నిద్రలో ఊపిరాడని పిల్లలకు ముందు దవడ పెంచి పిదప కీలు విడదీయవలెనని కొందరు, కీలే ముందని కొందరు వాదింతురు. ఊపిరికి ముప్పున్నచోట మొదటివారి మాటయే మాకు సమంజసముగా తోచుచున్నది. ఎదుగుదల ముగిసినవారికి ఒబ్వెగెసర్ 1957లో వెల్లడించిన రీతిని దవడను నిలువున చీల్చి జరుపుట, గడ్డపు కొనను కోసి నడిమికి తెచ్చుట మొదలగు మార్గములున్నవి.

నేడు భీమవరము, రాజానగరము, ఏలూరు, అమలాపురములందు దంతవైద్య కళాశాలలున్నవి. వాటిలో ముఖదవడల శస్త్రచికిత్స ఒక శాఖ. 2022లో గోదావరి జిల్లాలు చీలి కొత్త పేర్లు దాల్చినను, డెల్టాలో ఏ మూలనుండియైనను ఒకపూట ప్రయాణములో దంతకళాశాల చేరవచ్చును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకపు చికిత్సల పట్టికలో దవడకీలు విడదీయుట చేరియున్నది. కావున పేదవాడు పొలము అమ్మి పట్టణము పోవలసిన అగత్యము తగ్గినది. గడ్డము మీద పడిన బిడ్డను గాయము మానిన తరువాతను కొన్ని నెలలపాటు, నెలకొకసారి, అద్దము ముందు నిలబెట్టి నోరు తెరువుమనుట మాత్రము ఏ పథకమును చేయజాలదు. తెరచునపుడు గడ్డము ఒక ప్రక్కకు పోవుచున్నదా, క్రిందటి నెలకంటె వ్రేళ్ళు తక్కువ పట్టుచున్నవా, ఇంతియే చూడవలసినది.

శస్త్రచికిత్స జరిగిన కొద్దిదినములకే నోటి వ్యాయామము మొదలుపెట్టుదురు. ఎముక మరల అతుకుకొనకుండుటకు అదియే కాపలా. ఐస్‌క్రీము పుల్లలవంటి చదునైన కొయ్యపుల్లలను ఒకదానిమీద నొకటి పేర్చి పండ్ల నడుమ ఉంచి, రోజునకు పెక్కుమారులు సాగదీయవలెను. నాలుగైదు రోజులకు ఒక్కొక్క పుల్ల చేర్చుకొనుచు పోవలెను. నొప్పి కలుగును. పిల్ల ఏడ్చును. తల్లికి చేతులు రావు, నాయనమ్మ అడ్డుపడును, నెల తిరుగక ముందే పుల్లలు గూటిలోనికి చేరును. మొదటి చికిత్సలోనే గెలిచి, ఈ గూటివద్ద ఓడిపోయిన కీళ్ళను రెండవమారు, మూడవమారు కోయవలసివచ్చుచున్నది. అందుచే ఆస్పత్రి వదలునపుడు వైద్యులు ముందుగా మాటలాడునది పిల్లతో కాదు, నాయనమ్మతో. ఆరునెలలు, సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకుమించి, పూటపూటకు ఎన్ని పుల్లలు పట్టినవో కాగితముమీద గుర్తుపెట్టి, వచ్చునపుడు ఆ కాగితము వెంట తెమ్మని చెప్పుదురు.